మూడిండ్లకు ఒక్క ముంగిలి
(స్మారకోపన్యాసము)



ఎవరి పేరిట ఈ ధర్మనిధి యేర్పడినదో ఆ మాస్టారివద్ద నేను యంత్రశాస్త్రము చదువుకొనిన మాట నిజమే గాని, ఆయన నాకు మొదట నేర్పినది యంత్రశాస్త్రము కాదు. కళాశాలలో చేరిన తొలిమాసమున మమ్మందరను కార్ఖానాలో నిలువబెట్టి, తలకొక ఇనుపదిమ్మెను, ఒక ఆకురాయిని చేతికిచ్చి, దిమ్మెకు ఆరు ముఖములును మూలమట్టమునకు సరిపడునంతవరకు డ్రాయింగు బల్లను ముట్టరాదని శాసించిరి. అరచేతులు బొబ్బలెక్కిన నాలుగవనాడు మాలో ఒకడు ధైర్యము చేసి, మేము ఇంజనీర్లము కావచ్చితిమి గాని కమ్మరులము కావచ్చితిమా యని సణిగినప్పుడు, మాస్టారు వాని దిమ్మెను వెలుగునకెత్తి చూచుచు, "నాయనా, నువ్వు గీసిన గీతను ఇనుము మీదికి దించేవాడి చెయ్యి ఎంత నొస్తుందో నీకు తెలియొద్దూ?" అనిరి. నేటి యుపన్యాసమంతయు ఆ యొక్క మాటకు వ్యాఖ్యానమని మీరు భావించినను నాకు అభ్యంతరము లేదు.

చిన్నదేశమొకటి తన సేన, తన పండితులు, తన పరిశ్రమలు అను మూడిండ్లను ఒక్క పనికి ఎట్లు కూర్చుకొనగలదనునది నేనెన్నుకొనిన విషయము, దృష్టాంతము స్వీడను. మనవారికి స్వీడను పేరు వినగానే నోబెల్ బహుమానమో, బోఫోర్స్ వ్యవహారమో జ్ఞప్తికి వచ్చును. ఈ రెండు పేర్లకును ఒకే యింటితో సంబంధము కలదు. బోఫోర్స్ కర్మాగారమును 1894లో కొనినవాడు ఆ ఆల్ఫ్రెడ్ నోబెలే. 1986 మార్చిలో మన ప్రభుత్వము ఆ సంస్థతో 410 ఫిరంగులకు ఒడంబడిక చేసికొనుటయు, మరుసటియేట స్వీడిషు రేడియో ముడుపుల వార్తను వెల్లడించుటయు, 1999లో కార్గిల్ కొండలమీద అవే ఫిరంగులు మన జవానులకు అక్కరకు వచ్చుటయు మీరెరిగినవే కనుక ఆ గాథను నేను తిరుగదోడను. బేరములోని మంచిచెడ్డలకన్న, అంత కొద్దిజనము గల దేశము అట్టి ఫిరంగిని చేయగల స్థితికి ఎట్లు వచ్చెనను ప్రశ్నయే నన్ను చిరకాలము వెంటాడినది.

చిన్నదేశమని నేననుట నేలను బట్టి కాదు. నేలకేమి, నాలుగున్నర లక్షల చదరపు కిలోమీటర్లు కలదు. మన రెండు తెలుగు రాష్ట్రములను కలిపి పరచినను అందులో మూడింట రెండు వంతులు నిండవు. జనమా, 1940లో అరువది మూడు లక్షలు. నేటికిని కోటికి కొంచెము పైగా, అనగా మన హైదరాబాదు మహానగరమున క్రిక్కిరిసి యున్నంతమంది. ఆ కొద్దిమందియు అడవులు, సరస్సులు, మంచు నిండిన పొడవైన దేశమున చెదరియుండగా, చుట్టును జర్మనీ, రష్యావంటి మహాబలులు. 1814 తరువాత ఏ యుద్ధమునను చేరక, ఎవరి పక్షమును వహింపక బ్రదుకవలెనని వారు నిశ్చయించుకొనిరి. ఏ పక్షమునందును చేరనివానికి ఒక చిక్కు కలదు: కష్టకాలమున ఆయుధమమ్మువాడు ఎవడును దొరకడు.

ఆ చిక్కు వారికి 1940లో అనుభవమునకు వచ్చెను. ఆ యేడు ఏప్రిల్ 9వ తేదీన జర్మను సేనలు డెన్మార్కును, నార్వేను ముట్టడించునప్పటికి, స్వీడను విమానదళము అమెరికానుండి 120 యుద్ధవిమానములకు బయానా యిచ్చి కూర్చుండియుండెను. అందులో అరువది మాత్రమే ఒడ్డుచేరెను. తక్కిన అరువదిని అమెరికా ప్రభుత్వము ఎగుమతి నిషేధించి తన సేనకే తీసికొనెను. మరియొక సంస్థకు చెప్పిన విమానములలో ఒక్కటియు రాలేదు. చేతిలో సొమ్ముండియు అంగడి మూతపడినవాని అవస్థ యది. ఇటలీవారివద్ద దొరికిన రెండురెక్కల పాతకాలపు విమానములను కొని ఆకాశమునకు కాపు పెట్టవలసివచ్చెను. స్వదేశమున సాబ్ అను విమాన కర్మాగారము 1937లోనే స్థాపితమైనను, అది బాంబర్ల నిర్మాణముతో ఊపిరి సలుపని స్థితిలో నుండెను. విమానములకు వాడు అల్యూమినియమునకును కరవు వచ్చిపడెను.

అప్పుడు బూ లుంద్‌బెర్య్ అను యువకుడైన ఇంజనీరు గీచిన విమానమే జె-22. దాని కథ నాకు మిక్కిలి ప్రియమైనది గనుక కొంత నిలిచి చెప్పెదను. అల్యూమినియము లేదు గదా, ఏమున్నదని వెదకికొనగా ఉక్కుగొట్టములున్నవి, అడవులనిండ బర్చి కొయ్య యున్నది. ఉక్కుగొట్టములను అతికి అస్థిపంజరము కట్టి, దానిపై బర్చి పలుచనిపలకలను చర్మమువలె తొడిగిరి. కొయ్యను తొడుగుగా మాత్రమే వాడక, బరువులో కొంత మోయునట్లు దానిని ఉక్కుతో జతపరచుటలోనే ఆయన నేర్పంతయు నున్నది. పెద్ద కర్మాగారములన్నియు అన్యకార్యములలో మునిగియున్నందున, భాగములు చేయు పనిని ఐదువందలకు మించిన చిన్న కార్ఖానాలకు పంచిపెట్టి, వచ్చిన ముక్కలను స్టాక్‌హోము నగరపు అంచున బ్రొమ్మాలో కూర్చిరి. విమానమును ఎన్నడును కన్నెత్తి చూడని పనివాడు తన బల్లమీద చేసిన ముక్క, మరియొక యూరిలో మరియొకడు చేసిన ముక్కతో వెండ్రుకవాసి తేడా లేక అమరవలెనన్న, గీతలో ఎంత స్పష్టత యుండవలెనో, ఆకురాయి పట్టినవారెవరైన ఊహింపగలరు.

ఇంజను మాటయే మిగిలినది. అమెరికావారి ప్రాట్ అండ్ విట్నీ సంస్థ చేసిన ట్విన్ వాస్ప్ ఇంజను నమూనాలు స్వీడనువద్ద కొన్ని యుండెను గాని, దానిని చేయుటకు అనుమతి లేదు. ట్రోల్‌హెట్టాన్ పట్టణపు ఇంజను కర్మాగారమువారు ఒకదానిని విప్పి, ప్రతి భాగమును కొలిచి, లోహమును పరీక్షించి, తెరవెనుక తెరవలె ఒక్కొక్క రహస్యమును ఒలిచి, అనుమతి లేకయే కవల నొకదానిని పుట్టించిరి. చౌర్యమనవచ్చును, ఆపద్ధర్మమనవచ్చును. యుద్ధము ముగిసినపిమ్మట స్వీడనువారు తామే పోయి, మీ సొత్తు వాడుకొంటిమి, ప్రతిఫలమెంతో చెప్పుడని యడుగగా, ఆ సంస్థవారు నామమాత్రముగా ఒక్క డాలరు పుచ్చుకొనిరని చెప్పుకొందురు. జె-22 మొదటిసారి ఎగసినది 1942 సెప్టెంబరు 20న. మొత్తము తయారైనవి 198. అంతకన్న గమనింపదగినది ఆ లుంద్‌బెర్య్ అనంతర జీవితము. విమానమును గీచిన ఆ కర్మాగారపు మనిషి 1947లో దేశపు వైమానిక పరిశోధనా సంస్థకు అధిపతియై రెండు దశాబ్దములు నడపెను. ఒక యింటినుండి మరియొక యింటికి గడప దాటుటకు ఆ దేశమున ఎవరి యనుమతియు అక్కరలేదనుటకు ఇది తొలి నిదర్శనము.

రెండవ నిదర్శనము విమానమునకు సంబంధించినది కాదు. ఒక గణితశాస్త్రాచార్యునికి, ఒక తంతి తీగకు సంబంధించినది. నార్వేను ఆక్రమించిన జర్మనులు బెర్లినుతో మాటలాడుటకు స్వీడనుగుండ పోవు తంతి తీగలను అద్దెకు తీసికొనిరి. ఇంటివాని పెరటిలోనుండి రహస్యములను మోసికొనిపోవుచు, మూటకు ముడి వేసితిమి గదా యని వారు నిశ్చింతగా నుండిరి. ఆ ముడి సామాన్యమైనది కాదు. సీమెన్స్ సంస్థవారు చేసిన టైపు యంత్రమువంటి గూఢలేఖన యంత్రము, పది చక్రములు తిరుగుచు ప్రతి అక్షరమును కొత్తదారిని పెట్టునది. ఆ యంత్రమును స్వీడనులో ఎవరును కంటితో చూడలేదు. సైన్యమువారు తీగనుండి పట్టిన అర్థములేని అక్షరాల కాగితములను ఉప్సాలా విశ్వవిద్యాలయపు గణితాచార్యుడు ఆర్నె బ్యూర్లింగ్ చేతిలో పెట్టిరి. 1940 వేసవిలో, ముప్పదియైదేండ్ల ఆ మనిషి, కాగితము, పెన్సిలు తప్ప వేరు సాధనము లేక, సుమారు రెండు వారములలో, తాను చూడని యంత్రముయొక్క అంతర్నిర్మాణమును ఊహించి పట్టెను. ఎట్లు పట్టితివని తరువాత ఎందరడిగినను ఆయన చెప్పలేదు. చెప్పకయే 1986లో కన్నుమూసెను.

మన పాఠ్యగ్రంథములలో ఇట్టి కథ ఇక్కడితో ముగియును. ప్రతిభకు జేజేలు కొట్టి పుట తిప్పుదుము. కాని బ్యూర్లింగ్ కనుగొనినది ఒక సూత్రము. దినదినము తీగవెంబడి వచ్చునవి వందలు, వేలు సందేశములు. వాటినన్నిటిని పెన్సిలుతో విప్పుట మానవులకు సాధ్యము కాదు. అప్పుడు టెలిఫోనులు చేయు ఎరిక్‌సన్ కంపెనీ రంగములోనికి వచ్చెను. ఆచార్యుడు చెప్పిన సూత్రమును అనుసరించి, ఆ కంపెనీ మెకానికులు జర్మను యంత్రమునకు విరుగుడు యంత్రములను నిర్మించి యిచ్చిరి. వాటిముందు కూర్చుండి రేయింబవళ్లు మీటలు నొక్కినవారిలో అధికులు యువతులు. యుద్ధకాలమున వారు విప్పిన సందేశములు రెండున్నర లక్షలకు మించినవి. 1941లో హిట్లరు రష్యాపై దండెత్తబోవుచున్నాడని స్టాక్‌హోమునకు ముందే తెలిసినది ఆ యంత్రములవలననే. సేనకు తీగ యున్నది, ఆచార్యునకు బుద్ధి యున్నది, కంపెనీకి చేతులున్నవి. ఈ మూటిలో ఏది లేకున్నను తక్కిన రెండును వ్యర్థములే. ఈ మూటిని కలుపుటకు ఎన్ని సమావేశములు జరిగినవని నేనెంతో వెదకితిని. నాకు కనబడినంతలో జరిగినది, ఒకరినొకరు ఎరిగినవారు కబురు పంపుకొనుట మాత్రమే.

యుద్ధానంతరము ఈ పరిచయములకు వ్యవస్థారూపము వచ్చినది. 1945లో రక్షణ పరిశోధనా సంస్థ ఏర్పడెను. గణన యంత్రము కావలెనని అమెరికానడిగి, దొరకదని తెలిసికొని, 1948లో ఒక సంఘమును వేసికొని, 1950లో రిలేలతో బార్క్ అనుదానిని, 1953లో వాక్యూము గొట్టములతో బెస్క్ అనుదానిని స్వయముగా కట్టుకొనిరి. పూర్తియైన కొత్తలో బెస్క్‌ను మించిన వేగము గల యంత్రము ప్రపంచమున లేదని చెప్పుదురు. దానిమీద సాబ్‌వారు విమానపు రెక్కలకు సంబంధించిన లెక్కలు వేసికొనిరి; గూఢలిపి శాఖవారు తమ లెక్కలు వేసికొనిరి; రాస్‌బీ అను వాతావరణ శాస్త్రజ్ఞుని శిష్యులును, విమానదళపు వాతావరణ శాఖయు కలిసి 1954లో రేపటి గాలివానలను లెక్కగట్టి, నిత్యవ్యవహారమునకు పనికివచ్చు సంఖ్యాత్మక వాతావరణసూచనను ప్రపంచమున మొట్టమొదట వెలువరించిరి. ఒక్క యంత్రము, ముగ్గురు గిరాకీలు. పెద్దదేశమైనచో ముగ్గురును మూడు యంత్రములు కొనియుందురు. ఒకరి లెక్క మరియొకరి కంటబడకుండ తాళము వేసియుందురు. పేదరికము వారినొక గదిలో కూర్చుండబెట్టెను.

విమానముల పరంపరను గూర్చి త్వరగా చెప్పి ముందుకు పోయెదను. 1948లో తున్నాన్, 1955లో డ్రాకెన్, 1967లో విగ్గెన్, 1988లో గ్రిపెన్ తొలిసారి ఎగసెను. ఒక్కొక్కటి వెనుకదానికి మనుమడు కాదు, క్రొత్త పుట్టుక. డ్రాకెనుకు ఎరిక్ బ్రాట్ తలపెట్టిన జంట త్రిభుజపు రెక్క అదివరకు ఎవరును ఎగురవేయనిది గనుక, దానిని నమ్మి కోట్లు వెచ్చించుటకు ముందు, చిన్నకొలతలో ఒక బుల్లి విమానమును కట్టి 1952లో ఎగురవేసి చూచిరి. ఇల్లు కట్టకమునుపు ముగ్గుపోసి చూచుకొనువాని వివేకమది.

నేను చెప్పదలచిన అసలు సంగతి విమానమునందు లేదు. విమానము దిగిన తరువాత నేలమీద నున్నది. యుద్ధము వచ్చినచో శత్రువు మొట్టమొదట విమానాశ్రయములను కూల్చునని స్వీడనువారు ఎరుగుదురు. కనుక విమానములను అడవులలోనికి చెదరగొట్టి, సామాన్యమైన రహదారిమీదనే దిగి, రహదారినుండియే ఎగురునట్లు ఏర్పాటు చేసికొనిరి. విగ్గెను ఐదువందల మీటర్ల త్రోవ చాలునని పుట్టినది; దిగినవెంటనే ఇంజను ఊపిరిని ముందునకు త్రిప్పి నిలద్రొక్కుకొను ఉపాయము దానికి కలదు. మంచిది. కాని అడవిలో, మంచులో, చీకటిలో దానికి ఇంధనము పోయువాడెవడు? తూటాలు, క్షిపణులు తగిలించువాడెవడు? నిపుణులైన మెకానికులను ప్రతి బాటకును పంపుటకు చిన్నదేశమున అంతమంది యెక్కడ? ఉన్నవారు నిర్బంధ సైనికసేవకు వచ్చిన పిల్లవాండ్రు, నిన్నటిదాక పొలములోనో దుకాణములోనో పనిచేసి, కొన్ని నెలలు శిక్షణ పొంది, మరల ఇంటికి పోవలసినవారు.

ఆ పిల్లవానిని స్వీడనువారు డ్రాయింగు బల్లయొద్దకు తెచ్చిరి. ఒక సాంకేతికుడు, అతనికి తోడు ఐదుగురు నిర్బంధసైనికులు, పది నిమిషములలో విమానమును మరల యుద్ధమునకు సిద్ధము చేయవలెనను నియమమును ఆధారముగా పెట్టుకొని గ్రిపెనును గీచిరి. ఇంధనపు మూత భుజమునకందు ఎత్తున నుండవలెను, నిచ్చెన వెదకుకొనరాదు. ఉన్నితొడుగు చేతికి ఉండగనే గడియ తెరువగలుగవలెను. పరీక్షింపవలసిన భాగములు తలుపు తీయగనే ఎదుట నుండవలెను గాని, ఒకదానిని విప్పిననే మరియొకటి కనబడునట్లు ఉండరాదు. అనుభవము లేనివారికి ఇవి చిల్లర సంగతులుగా తోచును. ఇక్కడ నా సొంత అనుభవము నొకదానిని మనవి చేసికొనవలెను.

చాలయేండ్లక్రిందట, నేను పనిచేసిన ఒక పరిశోధనాలయమునుండి ఒక విద్యుత్పరికరమును పరీక్షకై రాజస్థాను ఎడారికి తీసికొనిపోతిమి. ప్రయోగశాలలో అది దోషరహితము. ఆ పెట్టె మూతకు పండ్రెండు మరమేకులు, మనము నిత్యము స్క్రూలనునవి, చిటికెనవ్రేలి గోరంతేసివి. రాత్రి రెండుగంటలవేళ, టార్చి దీపమును పండ్లతో పట్టుకొని, ఒక హవల్దారు ఆ మూతను విప్పుచుండగా ఒక మరమేకు జారి ఇసుకలో పడెను. ఇసుకలో పడినది ఇసుకకే దక్కును. తెల్లవారునప్పటికి మూడు పోయినవి. మూత వదులై, లోనికి ధూళి చొరబడి, పరికరము మూగవోయినది. మరునాటిరాత్రి నేను పోయి చూచునప్పటికి ఆ హవల్దారు, మిగిలిన తొమ్మిదింటికిని గోనెసంచి పురికొస తీసి, ఒక్కొక్కదానిని మూత అంచునకు మెడలో తాళివలె కట్టియుండెను. "సాబ్, అబ్ కహీఁ నహీఁ జాయేగా", ఇక ఎక్కడికిని పోదు, అని నాతో అనెను. మూతను వదలని మరమేకులుండునని, వాటిని అంగడిలో అమ్ముదురని మాకందరకు తెలియును. తెలిసియు, పట్టాలు పొందిన పదునెనిమిది మందిలో ఒక్కరికిని ఆరేండ్ల పనిలో తట్టలేదు, పురికొసకు తట్టినది. మా తప్పును మేము నివేదికలో "క్షేత్రపరిస్థితుల ప్రతికూలత" అని వ్రాసితిమి. మాస్టారు అప్పటికి జీవించియుండిరి. ఆయనకీ సంగతి చెప్పుటకు నాకు ముఖము చెల్లలేదు.

స్వీడనుకును మచ్చలేకపోలేదు. మొదటిమచ్చ ఇంజను. విమానమును తామే గీచికొనిరి గాని, దాని గుండెను మాత్రము ఎరువు తెచ్చుకొనుచునేయుండిరి: డ్రాకెనుకు బ్రిటనువారి రోల్స్‌రాయిస్, విగ్గెనుకు అమెరికా ప్రాట్ అండ్ విట్నీ, గ్రిపెనుకు అమెరికా జనరల్ ఎలక్ట్రిక్. వోల్వో కర్మాగారమున వాటిని తమకు తగినట్లు మార్చి చేసికొనిన మాట నిజమే. ఐనను ఎరువుసొమ్ము బరువుచేటు. ఆ చేటు మనకును తగిలినది. 1970ల చివర మన వాయుసేన శత్రుభూమిలోనికి లోతుగా చొచ్చుకొనిపోవు విమానమునకై వెదకుచు, బ్రిటను, ఫ్రాన్సులు కలిసి చేసిన జాగ్వారుతోను, ఫ్రెంచి మిరాజుతోను పాటు విగ్గెనును పరిశీలించుచుండగా, 1978లో అమెరికా ప్రభుత్వము, ఆ విమానమునందు మా ఇంజను జాతికి చెందిన ఇంజను యున్నది, దానిని భారతదేశమునకు అమ్ముటకు మేమొప్పమని అడ్డుపడెను. స్వీడను అమ్మకము ఆగిపోయెను. మనవారు జాగ్వారును కొనిరి. ఎవరి పక్షమును చేరనిదేశము, తన చేతిపనిని తనకిష్టమైన మరియొక పక్షరహిత దేశమునకు అమ్ముకొనలేకపోయెను. సహకారమెంత గట్టిదైనను, గొలుసులో ఒక్క లంకె పొరుగువానిదైనచో తాళపుచెవియు పొరుగువానివద్దనే యుండును.

రెండవది మచ్చయో, మెప్పో మీరే నిర్ణయింపుడు. హిరోషిమాపై బాంబు పడిన నెలలోనే స్వీడను సేనాధిపతి, ఇదేమిటో తెలిసికొని చెప్పుడని రక్షణ పరిశోధనా సంస్థను కోరెను. అచటినుండి ఇరువదియేండ్లు ఆ దేశము అణ్వస్త్రపు వాకిట నిలుచుండెను. యురేనియము నేలలోనున్నది, భౌతికశాస్త్రజ్ఞులున్నారు, కర్మాగారములున్నవి. 1954లో సర్వసేనాధిపతి నిల్స్ స్వెద్‌లుండ్ అణ్వస్త్రము కావలెనని బహిరంగముగా కోరెను. మూడిండ్లును ఏకమైనప్పుడు ఇక అడ్డేమున్నది? అడ్డుపడినవారు నాలుగవ ఇంటివారు, ఓటు వేయు జనులు. 1956లో అధికారపక్షపు మహిళా సమాఖ్య ఇంగా తోర్‌సన్ నాయకత్వమున మాకీ బాంబు వలదని తీర్మానించినది. పక్షములోనే చీలిక వచ్చినది. ప్రధాని తాగె ఎర్లాందర్, ఔననక, కాదనక, నిర్ణయమును ఏండ్లతరబడి వాయిదా వేసెను. ఆ వాయిదాలలోనే దేశము మనసు మార్చుకొని, 1968లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందముమీద చేవ్రాలు చేసెను. జెనీవా నిరాయుధీకరణ సభలలో స్వీడను పక్షమున వాదించిన ఆల్వా మ్యూర్‌డాల్, అంతకుముందు 1955 మొదలు ఆరేండ్లు ఢిల్లీలో రాయబారిగా నుండిన విదుషీమణి. అణుశక్తి బాంబునకు గాక ఇండ్లకు ఉపయోగపడెను: కొండను తొలిచి కట్టిన ఓగెస్టా రియాక్టరు ఫార్‌స్టా అను శివారులోని ఇండ్లకు చలికాలమున వేడినీరు సరఫరా చేసి, 1974లో మూతపడెను. సేన, శాస్త్రము, పరిశ్రమ ఒక్కటైనప్పుడు అవి అడిగినదెల్ల ఇచ్చుట దేశభక్తి కాదని నా అభిప్రాయము. ఆ అడ్డులేని సహకారమును నేను కోరను.

మూడవమచ్చ గ్రిపెనుది. తొలినాళ్లలో అది 1989లో ఒకమారు, 1993 ఆగస్టులో స్టాక్‌హోము నడిబొడ్డున వేలకొలది జనము చూచుచుండగా ఒకమారు కూలెను. రెండుమార్లును నడపినవాడు ఒకడే, రెండుమార్లును బ్రదికి బయటపడెను. దోషము పైలటు చేతివేగమునకును, విమానమును నడుపు కంప్యూటరు లెక్కకును పొత్తు కుదరకపోవుటలో నున్నదని తేలినది. ఆ దోషమును దాచలేదు. దాచుటకు వీలును లేదు, నగరమంతయు చూచినది గదా. ఎవరి పక్షమును చేరమను వ్రతమందు మాత్రము దాపరికము కొంత కలదు. ప్రచ్ఛన్నయుద్ధకాలమున పడమటి దేశములతో చాటుగా ఏర్పాట్లు జరిగినవని 1994లో వారి ప్రభుత్వము నియమించిన సంఘమే బయటపెట్టెను. చివరకు 2024 మార్చి 7న స్వీడను నాటో కూటమిలో బాహాటముగా చేరెను. ఒంటరితనము వారికి నేర్పిన విద్య ఇక కూటమిలో ఎంతకాలము నిలుచునో చూడవలసియున్నది, నాకు సందేహమే.

మనది చిన్నదేశము కాదు. ఐనను మన హైదరాబాదు, ఈ విషయమున, చిన్నదేశపు కొలతలోనిదే. కంచన్‌బాగు ప్రయోగశాలలకును, బాలానగరులో లేతుమరలు మ్రోగు సందులకును, సికిందరాబాదు దండునకును నడుమ దూరము ఒక్క సిటీబస్సు ప్రయాణము. మూడిండ్లును ఉన్నవి, ముంగిలియే లేదు. ఎవరి ప్రహరీ వారిది, ఎవరి గేటుపాసు వారిది. ప్రయోగశాలవారు కోరిన భాగమును చేసి పంపు బాలానగరపు యజమాని, అది దేనికి తగులునో తెలియక చేయును. అది తగిలిన యంత్రమును బాగుచేయు జవాను, దానిని గీచినవాని ముఖము చూడకయే పదవీ విరమణ చేయును. రహస్యము కావలసినచోట రహస్యముండవలసినదే. కాని మరమేకునకు రహస్యమేమి?

కావున నిధి సంఘమువారికి నాదొక విన్నపము. వచ్చే సంవత్సరము ఈ వేదికకు శాస్త్రజ్ఞుని పిలువవలదు. సేనాపతిని గాని, పరిశ్రమాధిపతిని గాని పిలువవలదు. ఇరువదియేండ్లు యంత్రములు విప్పి, బిగించి, విశ్రాంతి తీసికొనిన ఒక హవల్దారును పిలువుడు. ఏ మూత ఎందుకు తెరచుకొనదో ఆయనను చెప్పనిండు. ముందు వరుసలో మా ఇంజనీర్లను కూర్చుండబెట్టుడు. ఆయనకు తెలుగు రాకున్న, ప్రక్కన నిలిచి అనువదించు పని నాది.